కాగితం లేని సర్కారుకు నాలుగు జిరాక్సులు

తెలంగాణలో డిజిటల్ పరిపాలనకు ప్రధాన కార్యాలయం ఎక్కడుందని ఎవరైనా అడిగితే హైదరాబాద్ వైపు చెయ్యి చూపకండి. మండలాఫీసుకు కూతవేటు దూరంలో ఉండే జిరాక్స్ దుకాణమే ఆ కార్యాలయం. మా సిరిసిల్ల జిల్లా చందుర్తిలో ఉన్నది అదే, రుద్రంగిలో అదే, కథలాపూర్, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ఎక్కడికి పోయినా అదే. ఒక మిషను, ఒక ఫ్యాను, ఒక పిలగాడు. మిషను వేడెక్కితే ఫ్యాను దాని వైపు తిరుగుతుంది. పిలగాడి చెమట ఎవరికీ పట్టదు. సర్కారు ఇంకో పనిని ఆన్‌లైన్ చేసిందని పేపర్లో వచ్చిన మర్నాడు ఆ దుకాణం ముందు ఇంకో బెంచీ పడుతుంది. "ఆన్‌లైన్ అయింది గదరా, మల్ల ఈ కాయితాలెందుకు?" అని అడిగే పెద్దమనిషికి ఆ పిలగాడు ఇచ్చే జవాబు ఏ ఐటీ కార్యదర్శీ ఇవ్వలేడు: "ఆన్‌లైన్ చేసినట్టు కాయితం కావాలె గదా కాకా."

సర్కారు వాదన వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కంప్యూటరొస్తే కాగితం పోతుంది. కాగితం పోతే చెట్టు మిగులుతుంది. మనిషి ఆఫీసుకు తిరగక్కర్లేదు కనుక పెట్రోలు మిగులుతుంది. చెట్టూ పెట్రోలూ మిగిలాక గాలిలో బొగ్గుపులుసు వాయువు తగ్గక ఏం చేస్తుంది? 2011లో మీసేవ వచ్చినప్పటి నుంచీ, 2015 జూలై 1న డిజిటల్ ఇండియా మొదలైనప్పటి నుంచీ ఈ పాట వింటూనే ఉన్నాం. కంప్యూటరు, ఫోను కంపెనీలు కలిసి పెట్టుకున్న జీఈఎస్‌ఐ అనే సంస్థ 2015లోనే లెక్క కట్టి, 2030 నాటికి ప్రపంచ కర్బన ఉద్గారాల్లో 20 శాతం తగ్గించే సత్తా తమ సరుకుకు ఉందని తేల్చేసింది. కల్లు ఒంటికి మంచిదా అని కల్లు దుకాణంలోనే అడిగితే వచ్చే జవాబు లాంటిదిది.

వాదనలో ఒక్క మెట్టు మాత్రం విరిగి ఉంది. కొత్తది వచ్చినప్పుడు పాతది పోవాలి. మన దగ్గర ఏదీ పోదు. పాత రిజిస్టరు మీద కంప్యూటరు, కంప్యూటరు మీద యాపు, యాపు మీద ఓటీపీ, ఆ పైన నాలుగు జిరాక్సులు. పాత పొగ అట్లనే ఉండగా కొత్త పొగ దాని మీద వచ్చి కూర్చుంటుంది. లెక్క రాసేవాడు మాత్రం కొత్తదాని లాభం రాసుకుని పాతదాని ఖర్చు కొట్టేస్తాడు. ఎందుకంటే కాగితం లేని పాలన అని జీవోలో ఉంది, జీవో కాగితం మీద ఉంది.

2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా జరిగిన ప్రజాపాలన సభలు గుర్తున్నాయా? అప్పటికే రాష్ట్రం 2014 ఆగస్టు 19న ఒక్క రోజులో ఇల్లిల్లూ తిరిగి సమగ్ర కుటుంబ సర్వే చేసింది. రేషన్ కార్డుల పట్టీ ఉంది, పింఛన్ల పట్టీ ఉంది, భూముల పట్టీ ఉంది, ఆధార్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అన్నీ కంప్యూటర్లో ఉన్న రాష్ట్రం మళ్లీ కోటి 25 లక్షలకు పైగా దరఖాస్తులు కాగితం మీద తీసుకుంది. దరఖాస్తు నాలుగు పేజీలు. దానికి తోడు ఆధార్ జిరాక్స్, రేషన్ కార్డు జిరాక్స్. ముందూ వెనకా అచ్చేశారని పెద్దమనసుతో అనుకున్నా దరఖాస్తుకు నాలుగు కాగితాలు, వెరసి అయిదు కోట్లు. ఏ4 కాగితం సుమారు 5 గ్రాములు. అంటే 250 టన్నులు, లారీకి 25 టన్నుల చొప్పున పది లారీల కాగితం. తర్వాత ఆపరేటర్లను కూర్చోబెట్టి రాత్రింబగళ్లు ఆ కాగితాలన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించారు. ముందు చెట్టును కాల్చాం, తర్వాత దాని వివరాలు రాయడానికి బొగ్గును కాల్చాం. ఈ ప్రయాణంలో కొన్ని దరఖాస్తులు హైదరాబాద్ బాలానగర్ ఫ్లైఓవర్ మీద బండి మీంచి జారి గాల్లో ఎగిరాయి. వాటిని క్లౌడ్‌లోకి పంపే పద్ధతి అదేననుకున్నారేమో.

అక్కడితో ఆగితే బాగుండేది. 2024 నవంబర్‌లో కుటుంబ సర్వే వచ్చింది. ముందు కాగితం, తర్వాత ఎంట్రీ. 2025 జూన్‌లో భూభారతి రెవెన్యూ సదస్సులు వచ్చాయి. ఊరూరా టెంటు, లక్షల్లో దరఖాస్తులు, అన్నీ కాగితం మీదే. భూభారతి ఎందుకొచ్చింది? 2020 అక్టోబర్ 29న వచ్చిన ధరణి అనే భూముల పోర్టల్‌లో పడ్డ తప్పులు దిద్దడానికి. ధరణిలో తప్పు పడింది కంప్యూటర్లో. దిద్దించుకోవడానికి రైతు తిరిగింది మోటార్ సైకిల్ మీద. తహసీల్దారు దగ్గరికి, అక్కణ్ణుంచి సిరిసిల్ల కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణికి, అక్కణ్ణుంచి వకీలు దగ్గరికి. ఆ పెట్రోలు ఏ డిజిటల్ నివేదికలోనూ కనిపించదు. రైతు ట్యాంకులోంచి పోయింది కనుక రైతు ఖాతాలోనే ఉంటుంది. సర్వరు మాత్రం కడిగిన ముత్యం.

యూరియా ముచ్చట ఇంకా వింత. దుకాణంలో వేలిముద్ర మిషను ఉంది. ఏ రైతు ఎప్పుడు ఎన్ని బస్తాలు కొన్నాడో, ఏ దుకాణంలో ఎన్ని మిగిలాయో ఢిల్లీ దాకా తెలుస్తుంది. 2025 వానాకాలంలో యూరియా కరువొచ్చినప్పుడు తెల్లారకముందే సొసైటీల ముందు చెప్పుల లైన్లు, పాస్‌బుక్కు జిరాక్సుల లైన్లు కనిపించాయి. బస్తా ఎక్కడుందో ఢిల్లీకి తెలిసింది, చందుర్తి రైతుకు తెలియలేదు. ఆయన మర్రిగడ్డలో అడిగి, సనుగులలో అడిగి, వేములవాడకు పోయి చూసుకుని వచ్చాడు. సమాచారం పైకి పోవడానికి తీగలుండేవి, కిందికి రావడానికి లేకపోయాయి. ఆ తేడాను పెట్రోలు పోసి పూడ్చింది రైతే.

ఇక వేలు సంగతి. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, చందుర్తి ప్రాంతాల్లో బీడీలు చేసే ఆడవాళ్ల వేళ్లను ఎన్నడైనా చూశారా? తునికాకూ తంబాకూ దారమూ కలిసి ఏళ్ల తరబడి రాసి రాసి ఆ వేలి మీద గీతలను తుడిచిపెట్టేశాయి. ఆ వేలును మిషను మీద పెట్టమంటుంది డిజిటల్ సర్కారు. "అక్కా, ఇంకోపారి వెట్టు." "అక్కా, కడుక్కోని రా." "జెర నూనె రాసి తుడిసి వెట్టు." ఆఖరికి "ఇయ్యాల సర్వర్ వస్తలేదు, రేపు రా." ఈ రేపు అనే మాటకు కర్బన ఉద్గారం ఉంది. ఆటో పోనూ రానూ డీజిలు తాగుతుంది. ఊళ్లో ప్రతి వేలికీ రెండు రేపులు చొప్పున వేసి, జిల్లా మొత్తం కూడి చూడండి. అది ఏ సర్వరు రూం ఏసీకీ తీసిపోదు.

2023లో రేషన్ కార్డుకు ఈకేవైసీ అన్నప్పుడు కార్డులో ఉన్న ప్రతి మనిషీ వచ్చి వేలు పెట్టాలన్నారు. ఈ ప్రాంతంలో ఇంటికొక వేలు దుబాయ్‌లో ఉంటుంది, లేకుంటే మస్కట్‌లో, దోహాలో. కొడుకు వేలు ఎక్కణ్ణుంచి తేవాలని తల్లులు డీలర్లను అడిగారు. డీలరు ఏం చెప్తాడు పాపం? హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,500 కిలోమీటర్లు. ఒక మనిషి పోయి రావాలంటే ఆయన వంతు విమానం పొగ కొన్ని వందల కిలోలు ఉంటుంది. నెల బియ్యానికి ముద్ర వేయడానికి అంత పొగ ఆకాశంలో వదిలితే, ఆ పిల్లవాడికి వచ్చే బియ్యం కన్నా వాడు వదిలిన బొగ్గుపులుసు వాయువే ఎక్కువ తూగుతుంది.

తిరగడం తప్పనప్పుడు కనీసం ఆడవాళ్లకు టికెట్టు ఖర్చు తప్పింది, 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీలో ఉచితం. చాలా మంచి పథకం, నేను దీన్ని వేలెత్తి చూపను. బస్సు నిండితే ఆటోలు తగ్గుతాయి, పొగ తగ్గుతుంది. కానీ ఉచితానికి కూడా టికెట్టు కొడతారు, దాని పేరు జీరో టికెట్టు. సర్కారు నుంచి సంస్థకు రావలసిన డబ్బు లెక్క కోసమట, సరే. 2025 జూలై నాటికి ఉచిత ప్రయాణాలు 200 కోట్లు దాటాయని సంబరం చేశారు. టికెట్టు ఒక్కొక్కటీ 10 సెంటీమీటర్లే అనుకోండి. 200 కోట్ల టికెట్లను చివర్లు అతికిస్తే రెండు లక్షల కిలోమీటర్లు. భూమి చుట్టూ అయిదు చుట్లు, లేదంటే చందమామకు సగం దారి. అదంతా సున్నా అని అచ్చు వేసిన కాగితం. డిజిటల్ రాష్ట్రంలో ఆ సున్నాను చెప్పడానికి ఇంకో దారి దొరకలేదు. ఫోన్‌లో ఆధార్ చూపిస్తామంటే ఒప్పుకోరు. ఒరిజినల్ కార్డే ఉండాలి. కూరగాయలకు ఫోన్‌తో డబ్బులిచ్చే అవ్వ కండక్టరుకు మాత్రం కొంగుముడి విప్పి ప్లాస్టిక్ కార్డు తీయాలి.

ఇక హాజరు. 2025లో జగిత్యాల జిల్లాలో ఒక పంచాయతీ కార్యదర్శి ముఖం గుర్తుపట్టే యాపులో ముఖ్యమంత్రి ఫొటో పెట్టి హాజరు వేసుకున్నాడని పత్రికల్లో వచ్చింది. యాపు మారు మాట్లాడలేదు, హాజరు వేసింది. ఆయన మీద చర్య తీసుకున్నారు. యాపు మీద ఎవరూ తీసుకోలేదు. నన్నడిగితే ఆ రోజు ఆ ఊళ్లో మోరీలు తీయించింది ముఖ్యమంత్రే అని సర్వరు సాక్ష్యం చెప్తుంది, కోర్టులో కూడా నిలబడుతుంది. ఉపాధి హామీ పనుల్లోనూ 2023 జనవరి 1 నుంచి ఎన్‌ఎంఎంఎస్ అనే యాపులో రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో ఎక్కించాలన్నారు. దేశమంతటా రోజుకు రెండు పూటలా ఫొటోలు. అవన్నీ ఎక్కడో ఒక చల్లటి గదిలో భద్రంగా ఉండాలి కదా, ఆ చల్లదనం బొగ్గుతో వచ్చేదే. 2025 జూలైలో కేంద్ర మంత్రిత్వ శాఖే ఒక ఉత్తర్వులో వాపోయింది: పనికి సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారు, ఫొటోకే ఫొటో తీసి పెడుతున్నారు అని. దొంగ హాజరు పాతకాలంలో ఒక రిజిస్టరులో ఒక్క గీత. ఇప్పుడది కొన్ని ఎంబీల బరువు, ఏడాది పొడవునా కరెంటు ఖర్చు. అవినీతి తగ్గలేదు సరే, దాని కర్బన ముద్ర మాత్రం పెరిగింది.

2024 అక్టోబర్‌లో ఇంకోటి. పంటల డిజిటల్ సర్వే మా వల్ల కాదని వ్యవసాయ విస్తరణ అధికారులు మొండికేస్తే వందమందికి పైగా సస్పెండ్ చేశారు. ఒక్కొక్కరికి అయిదు వేల ఎకరాల క్లస్టరు. ప్రతి సర్వే నంబరు దగ్గరా నిలబడి ఫొటో కొట్టాలి. ఇదివరకు రచ్చకట్ట దగ్గర కూర్చుని రైతును అడిగి రాసుకునేవాళ్లు. అందులో తప్పులుండేవి, ఒప్పుకుంటాను. కానీ ఆకాశంలో ఇస్రో ఉపగ్రహాలు పొలాలను చూస్తూ పోతుండగా కింద ఒక ఆడపిల్ల స్కూటీ మీద గట్టుగట్టుకూ తిరిగి, సిగ్నల్ కోసం ఫోన్ పట్టుకున్న చెయ్యి పైకెత్తి నిలబడటం డిజిటల్ ఎట్లా అయింది? అది పట్వారీగిరీయే. పట్వారీలు నడిచేవాళ్లు, ఇప్పుడు పెట్రోలు.

హరితహారం మొక్కల సంగతి ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. నాటిన మొక్కకు జియోట్యాగు వేసి ఫొటో ఎక్కించారు. రోడ్డు పక్కన ఎండిపోయిన మొక్కలెన్నో సర్వర్లో ఇప్పటికీ పచ్చగానే ఉన్నాయి. బయట కర్బనం పీల్చాల్సిన చెట్టు లోపల కరెంటు పీలుస్తోంది.

మోటరు ముచ్చట దగ్గర కాస్త ఆగాలి. ఆర్థికవేత్తలు వంద పేజీల్లో చెప్పేది చందుర్తి శివారులో ఒక స్టార్టరు డబ్బా చెప్తుంది. రాత్రిపూట బాయికాడికి పోవడమంటే ఏమిటో ఈ ప్రాంతపు రైతుకు తెలుసు. తడి గట్టు, పాము, షాకు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. ఆ వెనకనే మోటరుకు సిమ్ కార్డు వచ్చింది. డబ్బాలో సిమ్ వేసి ఇంట్లో మంచం మీంచి ఫోన్ కొడితే మోటరు నడుస్తుంది, మళ్లీ కొడితే ఆగుతుంది. అబుదాబి క్యాంపులో పడుకున్న కొడుకు కూడా ఊళ్లో మోటరు వేయగలడు. దీన్ని ఎగతాళి చేసేవాడెవడైనా ఉంటే వాణ్ణి ఒక్క వానాకాలం రాత్రి బాయి దాకా చెప్పుల్లేకుండా నడిపించాలి.

కానీ లెక్క లెక్కే. బాయి రెండు కిలోమీటర్ల దూరం అనుకుందాం. పోనూ రానూ నాలుగు. లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే బండికి 80 మిల్లీలీటర్ల పెట్రోలు. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది కనుక ఒక ట్రిప్పుకు 180 గ్రాములు పైచిలుకు. ఫోన్‌తో అది మిగిలింది. ఇప్పుడు రెండో వైపు చూడండి. 5 హెచ్‌పీ మోటరు గంటకు 3.7 యూనిట్లు తాగుతుంది. మన దేశపు కరెంటులో యూనిట్‌కు 0.7 కిలోలకు పైనే పొగ ఉంది. అంటే గంటకు 2.6 కిలోలు. మిగిలిన ఒక ట్రిప్పు లాభం పోవాలంటే మోటరు అయిదు నిమిషాలు ఎక్కువ నడిస్తే చాలు. నడుస్తుందా? ఎందుకు నడవదు! బండేసుకుని పోయి ఆపాల్సిన రోజుల్లో మడి నిండిందా లేదా అని కళ్లతో చూసి ఆపేవాడు. ఇప్పుడు చూసే పని లేదు. "నడువనీ, కరెంట్ ఫ్రీయే గదా" అనుకుని అటు తిరిగి పడుకుంటాడు. ఒక గంట ఎక్కువ నడిస్తే పద్నాలుగు ట్రిప్పుల లాభం కొట్టుకుపోతుంది. నీళ్లు ఎక్కువ నిలిచిన వరిమడి నుంచి మీథేన్ వేరే. బోరు అడుగంటడం ఇంకా వేరే.

1865లో ఇంగ్లండులో విలియం స్టాన్లీ జెవన్స్ ఇదే మాట బొగ్గు గురించి రాశాడు. ఆవిరి యంత్రం తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేయడం నేర్చిన కొద్దీ దేశంలో బొగ్గు వాడకం తగ్గకపోగా పెరిగిందని ఆయన గమనించాడు. పని సులువైతే పని పెరుగుతుంది. జెవన్స్ చందుర్తికి రాలేదు గానీ వస్తే ఏ రైతూ ఆయనకు కొత్తగా ఏమీ చెప్పాల్సిన పని లేదు. పొలం తడి చూసి తానే ఆగిపోయే స్టార్టరుకు సర్కారు రాయితీ ఇస్తే ఇదే సిమ్ము పొగ తగ్గించేది. రైతు తప్పు ఇందులో రవ్వంత. సులువు ఆయనకు దక్కింది, ఆపే బుద్ధిని యంత్రంలో పెట్టే పని ఎవరిదో వాళ్లు పెట్టలేదు.

డిజిటల్ అంటేనే పొగ అనడం లేదు, ఆ మాట అంటే అబద్ధం. 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర రైతుబంధు మొదలైనప్పుడు మొదటి విడత చెక్కులు అచ్చేసి పంచారు. రైతు చెక్కు పట్టుకుని బ్యాంకు ముందు ఎండలో నిలబడ్డాడు. తర్వాత విడతల నుంచి డబ్బు నేరుగా ఖాతాలో పడింది. చెక్కులు పోయాయి, లైన్లు పోయాయి. పాతది నిజంగా పోయిన చోట పొగ కూడా నిజంగా పోయింది. అట్లాగే గల్ఫ్‌కు వీడియో కాల్. అంతర్జాతీయ ఇంధన సంస్థ విశ్లేషణ ప్రకారం ఫోన్‌లోనో టీవీలోనో గంటసేపు సినిమా చూస్తే ప్రపంచ సగటున పడేది సుమారు 36 గ్రాములు. గంట మోటరుకు డెబ్బై గంటల సినిమా సమానం. కనుక పొద్దంతా సెల్లు చూస్తున్నావని కోడల్ని తిట్టే అత్తలు కనీసం పర్యావరణం పేరు చెప్పి తిట్టకూడదు. కరవు పని దగ్గర నిలబడి మస్కట్‌లో ఉన్న మొగనితో పది నిమిషాలు మాట్లాడే ఆమె ఈ భూమిని వేడెక్కించడం లేదు.

వేడెక్కించేది ఇంకో చోట ఉంది. హైదరాబాద్ చుట్టూ చందన్‌వెల్లి లాంటి చోట్ల పెద్ద పెద్ద గోదాముల్లో సర్వర్లున్నాయి. రాష్ట్రం 2016లోనే డేటా సెంటర్ల కోసం ఒక పాలసీ రాసి పిలిచింది. మైక్రోసాఫ్ట్ 2022 మార్చిలో పదిహేనేళ్లలో 15,000 కోట్లు అంది. అమెజాన్ 2022 నవంబర్‌లో హైదరాబాద్ రీజియన్ తెరిచింది, 2030 నాటికి 36,300 కోట్లు అంది, 2025 జనవరిలో దావోస్ మంచులో 60,000 కోట్ల ఒప్పందం రాసుకుంది. అవతల విశాఖలో గూగుల్ 2025 అక్టోబర్ 14న 1,500 కోట్ల డాలర్లతో ఒక గిగావాట్ కేంద్రం అంటే ఆంధ్రప్రదేశ్ సర్కారు సుమారు 22 వేల కోట్ల రాయితీలు సిద్ధం చేసింది. తెలుగువాళ్లం రెండు రాష్ట్రాలైనా రాయితీల దగ్గర ఒక్కటే.

ఒక గిగావాట్ అంటే ఎంత? ఆగకుండా ఏడాదంతా నడిస్తే 876 కోట్ల యూనిట్లు. దేశపు సగటు కరెంటుతోనే నడిస్తే 61 లక్షల టన్నుల పొగ. కంపెనీలు మాత్రం మాది పచ్చ కరెంటు అంటాయి. 2023లో తాము వాడిన కరెంటుకు సమానమైన పచ్చ కరెంటు కొన్నామని అమెజాన్ ప్రకటించింది. ఈ సమానం ఎట్లా కుదురుతుందో తెలుసా? ఏడాది మొత్తానికి కూడిక. ఎక్కడో ఎండలో తయారైన సోలార్ కరెంటు రసీదు పగటిది, ఇక్కడ సర్వరు నడిచేది రాత్రి కూడా. రాత్రి ఇక్కడి తీగలో ఉండేది రామగుండం. 1983 నుంచి సింగరేణి బొగ్గు కాలుస్తున్న 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ, దాని పక్కనే కొత్తగా 1,600 మెగావాట్ల తెలంగాణ ప్లాంటు. ఎన్టీపీసీ రిజర్వాయరు మీద 2022లో 100 మెగావాట్ల తేలే సోలార్ పలకలు కూడా పరిచారు. కరపత్రం మీద బొమ్మ మాత్రం ఆ పలకలదే.

కంపెనీల నివేదికలే నిజం ఒప్పుకుంటున్నాయి. 2019తో పోలిస్తే తమ ఉద్గారాలు 48 శాతం పెరిగాయని గూగుల్ 2024లో రాసింది. 2020తో పోలిస్తే 29 శాతం పెరిగాయని మైక్రోసాఫ్ట్ రాసింది. ప్రపంచ డేటా సెంటర్లు 2024లో సుమారు 415 టెరావాట్ అవర్ల కరెంటు తాగాయని, 2030కి అది 945 దాకా పోతుందని, అంటే జపాన్ దేశం మొత్తం ఇప్పుడు వాడే దానికన్నా కాస్త ఎక్కువని అంతర్జాతీయ ఇంధన సంస్థ చెప్పింది. డిజిటల్ వల్ల పొగ తగ్గుతుందని చెప్పే సర్కార్లు ఈ నివేదికలు చదివాయా? ఫోన్‌లో పీడీఎఫ్ వచ్చే ఉంటుంది. ప్రింట్ తీసుకురమ్మని అటెండర్‌కు చెప్పి ఉంటారు.

ఇప్పుడు సిరిసిల్లకు రండి. 1970 నుంచి ఈ ప్రాంతానికి కరెంటిస్తున్నది సెస్, జనం వాటాలతో నడిచే సహకార సంఘం. చందుర్తిలో బల్బు వెలిగేదీ ఆ తీగ మీదే. సిరిసిల్ల మరమగ్గం సాంచాకు కరెంటు సబ్సిడీ ఉంది. ఆ సబ్సిడీ కోసం ఆసామి ఎన్ని సాంచాలున్నాయో చెప్పాలి, ఎన్ని హెచ్‌పీలో చూపాలి, ఏ కేటగిరీలో వస్తాడో తేలాలి, బకాయి ఎవరు కట్టాలో తేలక సెస్‌కూ సర్కారుకూ ఆసాములకూ మధ్య ఏళ్ల తరబడి పంచాయితీ. బతుకమ్మ చీర నేసిన సాంచాకు ఇన్ని ప్రశ్నలు. సర్వరుకు ఏం ప్రశ్న వేశారు? ఎన్ని యూనిట్లు తాగుతావు, ఏ గంటలో తాగుతావు, ఎన్ని నీళ్లు తాగుతావు, ఎంతమందికి కొలువిస్తావు? రాయితీ ఇచ్చే ముందు ఈ నాలుగూ అడిగి జవాబులు ఊరి చావడి గోడ మీద రాయించిన సర్కారు నాకు కనిపించలేదు. సాంచా అయితే సబ్సిడీ, సర్వర్ అయితే పెట్టుబడి.

డిజిటల్‌కూ పొగకూ ఉన్న లంకె మీద పరిశోధన చేసే పండితుల్లో చాలామంది ఒక గీత గీస్తారు. డిజిటల్ పెరిగే కొద్దీ ఉద్గారాలు మొదట పెరుగుతాయి, ఒక శిఖరం దాటాక తగ్గుతాయి. కొండ ఎక్కి దిగినట్టుండే గీత. కావచ్చు, కొన్ని దేశాల్లో కొన్ని ఏళ్లలో అట్లా జరిగిందేమో. ఆ గీతలో దిగుడు వైపు ఎవరుంటారు, ఎక్కుడు వైపు ఎవరుంటారు అనేది నా అనుమానం. మనం ఇంకా ఎక్కుతూనే ఉన్నాం. చేతిలో ఫైలు, సంచిలో ఒరిజినల్స్, జేబులో ఫొటోలు, ఓటీపీ రావడానికి కొడుకు ఫోన్.

కాబట్టి చందుర్తి తరఫున ఒక చిన్న కోరిక. కొత్త యాపు తెచ్చే ప్రతి జీవోలో ఒక్క వాక్యం రాయాలి: ఈ యాపు వచ్చింది కనుక ఫలానా రిజిస్టరు, ఫలానా జిరాక్సు, ఫలానా సంతకం రద్దు. రద్దు చేసేది ఏమీ లేకపోతే ఆ యాపు వద్దు. రాయితీ తీసుకునే ప్రతి డేటా సెంటరూ ఏ గంటకు ఏ కరెంటు వాడిందో గంటగంటకూ చూపాలి. ఏడాది చివర కూడిక ఒప్పుకోము, మా కరెంటు బిల్లుకు అట్లాంటి కూడిక ఎవరూ ఒప్పుకోరు కనుక. ఆన్‌లైన్ దరఖాస్తుకు జిరాక్స్ అడిగిన ఆఫీసరు జీతంలోంచి ఆ రెండు రూపాయలు కోయాలి. ఈ మూడో కోరిక వింటే జిరాక్స్ పిలగాడు నా మీదికి వస్తాడు. వాడికి ముందే చెప్పాను. వాడు నవ్వి, "గట్లయితే కోతకు దరఖాస్తు వెట్టాలె గదా కాకా, మూడు కాపీలు" అన్నాడు.

చివరగా చచ్చిపోయిన యంత్రాల సంగతి. పంచాయతీకిచ్చిన కంప్యూటరు, స్కూలుకిచ్చిన ట్యాబు, అంగన్‌వాడీకిచ్చిన ఫోను, ఏదో ఒక రోజు అన్నీ చస్తాయి. 2022లో ప్రపంచం పోగేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతిగా సేకరించి మళ్లీ వాడకానికి తెచ్చింది 22.3 శాతమే. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నియమాలున్నాయి, తయారుచేసిన కంపెనీయే రీసైక్లింగ్ బాధ్యత మోయాలని. కంపెనీ సంగతేమో గానీ మా వాడకు ఒక మనిషి క్రమం తప్పకుండా వస్తాడు. బండి వెనక రంగురంగుల ప్లాస్టిక్ టబ్బులు, బకెట్లు, ముందు మైకు: పగిలిపోయిన సెల్‌ఫోన్లు, పాడైపోయిన సెల్‌ఫోన్లు కొంటాం. ఆధార్ అడగడు, ఓటీపీ అడగడు, జిరాక్స్ అసలే అడగడు. మొన్న ఒక అవ్వ రెండు ఫోన్లూ ఒక ట్యాబూ ఇచ్చి పెద్ద టబ్బు అడిగింది. ఆయన చిన్నది చూపించాడు. "ఇండ్ల సర్కారు యాపులే పదున్నయి బిడ్డా, మూతన్న ఇయ్యి" అంది అవ్వ. ఆయన ట్యాబును తిప్పి చూసి తల అడ్డంగా ఊపాడు. "యాపులుంటే ఇంకా తక్కువ అవ్వా, బ్యాటరీ ఉబ్బి ఉంటది."